పెదవుల మీది ఇంగ్లిష్

ఈ ఉదయం అమ్మ కనుబొమల మీద తెల్లటి నూలుపీచు కనిపించింది. తుడవబోతే నా చేయి నెట్టేసింది.

"గదంత తర్వాత. ముందుగాల ఇంగ్లిష్ మాటలడుగు బిడ్డా."

ఓపెన్ స్కూల్ పదో తరగతి ఇంగ్లిష్ పరీక్ష ఈరోజే. పాసైతే బడిలో ఆయా కొలువు వస్తుందని అమ్మ ఆశ.

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడే షెడ్డుల్లో ఆ మోతకు గొంతు చాలదు. అందరూ పెదవుల కదలికతోనే మాట్లాడుకుంటారు. అక్కడ నూలు కండెలు చుట్టే అమ్మకు వ్యాకరణం కూడా అలాగే నేర్పాను. నా పెదవులు చూసి తానూ చప్పుడు లేకుండా కదిపేది.

"కాన్వెంటు పంతులమ్మా, తప్పైతే కొడ్తవా ఏంది?" అని నవ్వేది.

నేను పరీక్ష కేంద్రం గేటు దగ్గరే ఉన్నాను. గంట కాకముందే అమ్మ బయటికి వచ్చింది.

"పక్కామెకు జవాబులు చెప్తున్ననని సారు పేపర్ గుంజుకున్నడు. రాసుకుంట పెదవులు కదిపిన, గంతే. ఒక్క మాట ముందు చెప్పొద్దా?"

పరీక్ష అయ్యాక, పక్క బెంచీలో రాసిన కళ్యాణక్క కోపంగా నా దగ్గరికి వచ్చింది.

"పెదవులు కదపొద్దని మూడుసార్లు చెప్పిండు సారు. మీ అమ్మ తల్కాయ సుత ఎత్తలే. గంత మొండితనమా?"

తెలిస్తే కొలువు ఇవ్వరని, ఎవరికీ చెప్పనని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది.

రెండేళ్లుగా అమ్మకు చెవులు వినపడవు.