కంఠస్థం వల్ల ఏడు నష్టాలు

"కంఠస్థ విద్య వల్ల నష్టాలెన్ని?" అడిగి, డాక్టర్ వజీహ్ పుదీనా టీ ఒక గుక్క తాగాడు.

"ఏడు, డాక్టర్," అంది రబాబ్.

ఈజిప్టులోని టాంటా పట్నంలో ఇరవై ఏళ్లుగా బడిపిల్లలకు లెక్కలు చెబుతున్న మనిషి ఆమె. విద్యాశాస్త్రంలో డాక్టరేట్‌కు చేరింది. పరిశోధన మొదలుపెట్టాలంటే ముందు ఈ అర్హత పరీక్ష గట్టెక్కాలి. కిందటిసారి ఇదే ప్రశ్నకు తన తరగతిలో కళ్లారా చూసినవి చెప్పి తప్పింది. ఇది ఆఖరి అవకాశం.

"పోయినసారి నాలుగే అన్నావు కదమ్మా?"

"అప్పటికి మీ పుస్తకం చదవలేదు డాక్టర్."

ఆయన మురిసిపోయాడు. "అయితే కానియ్యి మరి."

రబాబ్ కళ్లు మూసుకుని ఏడూ అప్పజెప్పింది. "పిల్లవాడి సొంత ఆలోచన చచ్చిపోతుంది" అన్నచోట ఆయన పెదవులు కూడా ఆమెతోపాటే కదిలాయి.

"భేష్! అక్షరం పొల్లుపోలేదు. పాసయ్యావు, మబ్రూక్, అభినందనలు!"

పక్కనే కూర్చున్న రెండో పరీక్షకురాలు, పెద్దావిడ డాక్టర్ ఇన్షిరాహ్, అప్పుడు నోరు విప్పింది. "సంతకం పెట్టేముందు ఒక్క మాట రబాబ్. ఈ ఏడింటిలో నువ్వు ఒప్పుకోనిది ఏది?"

రబాబ్ ఆవిడ వైపు తిరిగింది. "అది... అది సిలబస్‌లో ఉందా మేడమ్?"

వజీహ్ పకపకా నవ్వాడు. ఇన్షిరాహ్ సంతకం చేసింది.

రబాబ్ కూడా నవ్వబోయి ఆగిపోయింది. 'సిలబస్‌లో ఉందా' అన్నది బడిలో పిల్లలు రోజూ తనను అడిగే మాట. అడిగినవాళ్లనల్లా ఇరవై ఏళ్లుగా తను గోడకేసి నిలబెడుతోంది.