రాతి చెంప మీద కాటుక

రియాద్‌లో, 2004లో, గెర్డా అనే జర్మన్ ముసలావిడకు సుందరి రాత్రి నర్సు. మంచం ఎదుట గోడకు ఒక ఫొటో ఉండేది. ఎనిమిది వందల ఏళ్ల నాటి జర్మన్ జమీందారింటి ఆడపడుచు; సమాధి మీద చెక్కిన రాతి ముఖం. ఆ ఆడపడుచును కన్నతల్లి ఎవరో ఎవరికీ తెలియదు. గెర్డా జీవితమంతా పాత దస్తావేజుల్లో ఆ తల్లి పేరు కోసమే వెతికింది.

“మీ అమ్మెవరు, సిస్టర్?” అని అడిగింది గెర్డా ఒక రాత్రి.

సుందరికి ఇంగ్లీషు దొరక్క తెలుగులోనే అనేసింది. “తెలీదండీ. చర్చి మెట్ల మీద దొరికానంట. చెంపన దిష్టిచుక్క ఉందంట. వదిలేసే మనిషైతే చుక్కెందుకు పెడుద్దండీ?”

గెర్డా అప్పటికే నిద్రపోయింది. ఏసీ ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం.

సుందరి తలెత్తింది. ఫొటోలో, రాతి చెంప మీద నల్లటి చుక్క. సాయంత్రం ఫొటో అద్దం తుడిచినప్పుడు లేదు. వేలితో తాకింది. తడిగా అంటుకుంది. ఆముదం దీపానికి పట్టిన కాటుక వాసన. ఆ ఇంట్లో కాటుకే లేదు.

“ఈ కూతురి కోసమే వచ్చావా?” అంది మెల్లగా. “నేనూ ఉన్నానమ్మా.”

లైటు ఆర్పేసి, ఫొటో కింద చెంప ఎత్తి కూర్చుంది.

కాసేపటికి ఆముదం వాసన దగ్గరైంది.