నూట పదిహేడో పాట

ఆరాంఘర్ దగ్గరి వాద్యాల దుకాణంలో ఆశేర్ గంట నుంచి రెండు పెట్టెల మధ్య ఊగిసలాడుతున్నాడు.

రెండూ సీక్వెన్సర్లే. తాళాన్నీ స్వరాలనూ ముందే నింపిపెడితే సింథసైజర్‌ను తమంతట తామే వాయించే పెట్టెలు.

పెద్దదానికి స్క్రీన్ ఉంది, పదహారు ట్రాకులున్నాయి. పాటను మొదటి నుంచి చివరిదాకా దాచుకుంటుంది. చిన్నదానికి నాలుగు ట్రాకులే. స్క్రీన్ లేదు, వెలిగే బటన్ల వరస మాత్రం ఉంది.

శంషాబాద్‌లోని వాళ్ళ చర్చిలో డ్రమ్స్ వాయించే కరుణ్‌కు ఎయిర్‌పోర్టులో ఆదివారం డ్యూటీ పడింది. మూడు రోజుల్లో ఈస్టర్. మిషన్‌తో నడిపిస్తానని ఆశేర్ గొప్పగా మాటిచ్చేశాడు.

"పాట చెడిందంటే ఇగ నువ్వు కీబోర్డు ముట్టొద్దు" అని పాస్టర్ ముందే తేల్చేశాడు. పదేళ్ళుగా ఆ కీబోర్డే ఆశేర్‌కు ప్రాణం.

"ఏం పాట బిడ్డా?"

మూలన స్టూలు మీద కూర్చున్న ముసలాయన అడిగాడు. కళ్ళార్పకుండా ఆశేర్ ముఖంలోకే చూస్తున్నాడు.

"నూట పదిహేడు."

చర్చిలో పాటకు పేరెవరు చెబుతారు? పుస్తకంలో నంబరే దాని పేరు.

ముసలాయన ముఖం విప్పారింది.

"అయితే చిన్నది తీస్కో. ఆ పాట పల్లవి జనం ఎన్నిసార్లు పాడుతరో ఎవరికెరుక? పెద్దది దాని లెక్కన అది పోతనే ఉంటది. చిన్నది నువ్వు బటన్ నొక్కేదాక అక్కడ్నే తిరుగుతది."

ఆశేర్‌కు ఒళ్ళు మండింది. దుకాణం యజమాని ఈశ్వరయ్య వైపు తిరిగాడు.

"ఈ బాపుకు కమీషన్ గిట్ల ఇస్తున్నవా అన్నా? పదేండ్ల సంది వాయిస్తున్న పాట, నాకే నేర్పుతుండు."

ఈశ్వరయ్య నాలిక్కరుచుకున్నాడు. ముసలాయన మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

ఆశేర్ పంతానికి పెద్దదే కొన్నాడు.

ఈస్టర్ ఉదయం చర్చి కిక్కిరిసింది. చూస్తే ముందు బెంచీలో ఆ ముసలాయనే. ఇక్కడ కూడా దాపురించాడా అనుకున్నాడు ఆశేర్.

మూడో చరణం దాకా పెట్టె మహారాజులా వాయించింది. పాస్టర్‌కే ఉత్సాహం ఆగలేదు. "ఇంకొక్కసారి పల్లవి" అని చేతులెత్తాడు.

జనం పల్లవి అందుకున్నారు. పెట్టె నాలుగో చరణంలోకి వెళ్ళిపోయింది.

ఆశేర్‌కు స్క్రీన్ మీద ఏది నొక్కాలో తోచలేదు. సగంమంది పాస్టర్‌తో, సగంమంది పెట్టెతో పాడసాగారు. పాట గందరగోళమైంది.

అప్పుడు ముసలాయన లేచాడు. పాడేవాళ్ళ ముఖాల్లోకి చూస్తూ చప్పట్లు మొదలుపెట్టాడు. పక్కన పెట్టె ఎంత మోగుతున్నా ఆయన తాళం వెంట్రుకవాసి కూడా చెదరలేదు. ముందు వరస ఆయన్ను అందుకుంది, తర్వాత చర్చంతా అందుకుంది. ఆశేర్ పెట్టె వైరు పీకేశాడు. పాట నిలబడింది.

"పాటైతే చెడలే గద, కూసో" అన్నాడు పాస్టర్.

కీబోర్డు దక్కింది. అయినా ఆశేర్‌కు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో తన తప్పు ఎత్తిచూపడానికే ఈయన వచ్చాడని ఉడికిపోయాడు. ఆరాధన అయ్యాక ముసలాయన దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. ఆశేర్ చూడనట్టే పక్కనుంచి వెళ్ళిపోయాడు.

సోమవారం పెట్టె మార్చుకోవడానికి దుకాణానికి వెళ్ళాడు.

"ఏడి అన్నా నీ దోస్తు? చర్చిల నా ఇజ్జత్ తీసిండు."

"ప్రేమయ్య సారా? పొద్దుగాలనే ఊరికి పోయిండు" అన్నాడు ఈశ్వరయ్య. "ఆ నూట పదిహేడు రాసింది, దానికి బాణీ కట్టింది ఆయనే. నువ్వు పాడిస్తున్నవని తెల్సి, ఈస్టర్ దాక ఆగి మీ చర్చికొచ్చిండు."

పుస్తకంలో ప్రతి పాట కిందా రాసినవాళ్ళ పేరుంటుంది. పదేళ్ళలో ఆశేర్ ఒక్కనాడైనా నంబరు దాటి కిందికి చూసిన పాపాన పోలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఆయన నంబర్ ఇయ్యన్నా. తప్పయిందని చెప్పుకుంట."

జేబులోంచి ఫోన్ తీశాడు. ఈశ్వరయ్య ఆ చేతిని పట్టుకుని ఆపాడు.

"ఎవ్వరికీ చెప్పొద్దంటడు గానీ, ఫోన్ల చెప్తే ఆయనకేం ఇనపడ్తది ఆశేరూ, రెండు చెవులు పోయి తొమ్మిదేండ్లాయె."