పందికి అంటని బురద

ఆ అడవిలో వాగు ఒడ్డున బురద నేలలో జంతువులు ఓ ఆట ఆడేవి. వెలక్కాయను నక్కల్ని దాటించి అవతలి పుట్టకు చేర్చాలి. ముసలి కొండముచ్చు దూరంనుంచి విసిరితే కోతి అందుకునేది. ఏళ్ల తరబడి వాటి జట్టు అలాగే గెలిచింది. ఆ రోజు మాత్రం విసిరిన ప్రతి కాయా నక్కలకే చిక్కింది. నక్కలన్నీ వెనక్కి జరిగి, పైకే చూస్తూ కాచుకున్నాయి మరి.

"తాతా, ఒక్కసారి నాకివ్వు. నేలమీద పరిగెత్తి తీసుకుపోతాను," అంది అదే జట్టులోని అడవిపంది.

"నా చెయ్యి ఇంకా పడిపోలేదులే," అని కసిరి, కొండముచ్చు మళ్లీ విసిరింది. అదీ నక్కకే చిక్కింది.

సిగ్గుతో తల దించుకుంటే పంది కాళ్లు కనిపించాయి. పొద్దున్నుంచీ ఆటలో ఉన్న పందికి చుక్క బురద అంటలేదు. కొండముచ్చు కాయ దాని నోటికిచ్చింది.

పంది బురద చిమ్ముకుంటూ రెండుసార్లు సగం దూరం దూసుకెళ్లింది. మూడోసారి ఖాళీ నోటితో పరిగెత్తినా నక్కలన్నీ ముందుకొచ్చి దాన్నే చుట్టుముట్టాయి. అప్పుడు కొండముచ్చు తన చేతిలోనే ఉంచుకున్న కాయను వాటి తలల మీదుగా విసిరింది. పుట్ట దగ్గర కోతి అందుకుంది.

"ఏం చెయ్యి తాతా నీది," అంది పంది, ఒళ్లంతా బురదతో రొప్పుతూ.

కొండముచ్చు ఆ చేతిని వీపు వెనక దాచుకుంది.