పిలిస్తే వచ్చే బండి

తాళంచెవి చేతిలో పెట్టబోయి ముసలాయన మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

నర్సరీ యజమానికి చిరాకేసింది. బేరం కుదిరింది, డబ్బు ఇచ్చేశాడు, ఇంకా ఈ నసుగుడు ఏమిటి?

బురదలోనూ రాళ్ళలోనూ పోయే లావు టైర్ల ఏటీవీ కోసం అతను చాన్నాళ్ళుగా వెతుకుతున్నాడు. వాన పడితే నర్సరీలో మామూలు బండి కదలదు. కొత్తది కొనే తాహతు లేదు. పాతది చూద్దామంటే, పైన రంగు కొట్టి లోపలి తుప్పు అంటగట్టేవాళ్ళే అందరూ.

ఈ ముసలాయన ఒక్కడే తన బండి లోపాలు తానే చెప్పాడు. గొలుసు మాటిమాటికీ వదులవుతుంది. చలికి ఓ పట్టాన స్టార్టవదు. అడిగిన ధర కూడా న్యాయమైనదే.

అయినా బేరమాడకుండా కొంటే ఇంట్లో భార్య ఊరుకోదు. అందుకని ఇంకొంచెం తగ్గించమన్నాడు.

ముసలాయన మారు మాట్లాడకుండా తగ్గించాడు. ఇప్పుడు తాళంచెవి పట్టుకుని అసలు సంగతి చెప్పాడు.

"పైన కొండ మీద కొన్ని ఇళ్ళున్నాయి బాబూ. రోడ్డు లేదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మీకు ఫోన్ చేస్తారు. వెళ్ళి కిందికి దింపాలి. తగ్గించింది అందుకే అనుకోండి."

"దానికేముందండీ, అలాగే" అన్నాడు నర్సరీ యజమాని. ఆ క్షణంలో కొండనే దింపమన్నా ఒప్పుకునేవాడు.

ముసలాయన తాళంచెవి ఇచ్చి, సీటు మీద ఓసారి చెయ్యి వేసి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

బండిని చూసి భార్య నవ్వింది. ఇద్దరం ఎక్కితే టైర్లు ఏడుస్తాయేమో అంది. ధర విన్నాక మాత్రం, ఇన్నాళ్ళకి మీకూ బేరం చెయ్యడం వచ్చింది అని మెచ్చుకుంది.

వానలు మొదలయ్యాక మొదటి ఫోన్ వచ్చింది. జ్వరంతో ఉన్న ఒకామెను దింపాలి. వెళ్ళాడు. అది దారి అంటే దారి కాదు. ఒక పక్క బండరాయి, ఒక పక్క లోయ. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆమెను ఆస్పత్రికి చేర్చి ఇంటికొచ్చేసరికి, అంటుమొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళు చూసి చూసి వెళ్ళిపోయారు.

రెండోసారి ఫోన్ వస్తే గొలుసు తెగిందని చెప్పాడు.

అబద్ధమాడినందుకు కాసేపు మనసు పీకింది. తర్వాత వాళ్ళే ఎలాగో మోసుకొచ్చారని తెలిసింది. చూశావా, మనం లేకపోతే ఏ పనీ ఆగదు అన్నాడు భార్యతో.

మూడోసారి ఫోన్ వచ్చేసరికి నర్సరీ ముందు లారీ ఉంది. మొక్కలు ఎక్కిస్తున్నారు.

"గుండెల్లో నొప్పి అంటున్నారండీ. ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి. మీరొస్తే..." ఒక ఆడమనిషి గొంతు.

"ఎవరికి?"

ఆమె వెంటనే చెప్పలేదు. పక్కన ఎవరో నీరసంగా ఏదో అంటున్నట్టు వినిపించింది.

"మావాళ్ళే ఒకరండీ" అంది చివరికి.

లారీ కదలగానే వస్తానన్నాడు.

వెళ్ళిరండి, ఇక్కడ నేను చూసుకుంటాను అని భార్య చెప్పింది. తను లేకపోతే ఆ డ్రైవరు కుండీలన్నీ పగలగొడతాడని అతను కదల్లేదు. తీరా మొక్కలు ఎక్కించడం అయ్యాక డ్రైవరు టీ తాగొస్తానని వెళ్ళి కబుర్లలో పడ్డాడు. లారీ గేటు దాటేసరికి ఎండ వాలిపోయింది.

కొండ సగం ఎక్కాక వాళ్ళు ఎదురొచ్చారు. నలుగురు మగవాళ్ళు, వెనక ఒకామె. భుజాల మీది మంచాన్ని దించి దారి పక్కన పెట్టారు. మంచం మీద మనిషికి నిండా దుప్పటి కప్పి ఉంది.

అతను హడావిడిగా బండి తిప్పబోయాడు.

"ఇంక తొందరేం లేదండీ. దారిలోనే పోయారు" అంది ఆమె.

అతను ఇంజను ఆపేశాడు. లారీ వల్ల ఆలస్యమైందని ఏదో చెప్పాడు. వాళ్ళు తలలూపారు. ఒక్క మాటైనా తిడితే బాగుండుననిపించింది.

మోసినవాళ్ళలో పెద్దవాడు బండి వంకే చూస్తూ చెప్పుకొచ్చాడు. ఇన్నేళ్ళూ కొండ మీద ఎవరికేమైనా ఈ బండి అమ్మినాయనే దింపేవాడట. పురుళ్ళకీ, పాముకాట్లకీ, కాళ్ళు విరిగినవాళ్ళకీ ఆయనే. పెట్రోలు కూడా సొంత డబ్బుతోనే పోసుకునేవాడు. ఈ మధ్య చేతులు వణకడం మొదలైంది. ఎక్కినవాళ్ళను లోయలో పడేస్తానేమోనని భయపడి, బండి మీరే ఉంచుకోండి అని కొండ మీది వాళ్ళతో అన్నాడు. పెట్రోలు ఎవరు పోయాలని వీళ్ళలో వీళ్ళే పోట్లాడుకున్నారు. దాంతో అమ్మేశాడు.

"బెంగ పెట్టుకోకండి, కొన్నాయన మాట ఇచ్చాడు, పిలిస్తే వస్తాడు అన్నాడండీ మాతో. మీ గొలుసు తెగిన రోజు కూడా, ఆ గొలుసు ఎప్పుడూ అంతే, పాపం ఆయన తప్పేం లేదని మాకు సర్దిచెప్పాడు."

నర్సరీ యజమాని బండి దిగాడు.

"ఆయన ఇల్లెక్కడ? ఒకసారి చూపించండి. ఆయనతో ఒక మాట చెప్పుకోవాలి" అన్నాడు.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆమె వంగి మంచం మీది దుప్పటి అంచు పక్కకు తీసింది. కళ్ళు మూసుకుని అక్కడ పడుకుని ఉన్నది బండి అమ్మిన ముసలాయనే.