తగ్గించిన ముక్కు

“ఆ ముక్కుకేమైందే? నాదీ అదేగా!” అంది తల్లి, డాక్టరు ఎదురుగానే.

“అందుకేగా నాకీ అవస్థ!” అంది కూతురు.

డాక్టరు విననట్టు నటిస్తూ, కూతురి ముక్కుపుటాల పక్కన పెన్నుతో గీతలు పెట్టాడు.

“రెండు వైపులా చిన్న ముక్క కోసి దగ్గరికి కుడతాం. మచ్చ మడతలో కలిసిపోతుంది.”

“ఇంకా సన్నగా చెయ్యండి.”

“మరీ సన్నబడితే ఊపిరి సరిగ్గా ఆడదమ్మా.”

“ఊపిరి సంగతి నేను చూసుకుంటా. మీరు ముక్కు సంగతి చూడండి.”

టీవీలో వార్తలు రాసే ఉద్యోగం ఆమెది. తను రాసింది ఎవరో చక్కనమ్మ చదువుతుంటే, పక్కన నిలబడి పళ్ళు నూరుకోవడం అలవాటైపోయింది. మొన్న బతిమాలి బామాలి తనూ ఒకసారి చదివి చూపించింది. పక్క గదిలో ఉన్న ఎడిటర్ బయటికి రాకుండానే అసిస్టెంట్ చేత కబురు పంపాడు. “చదవడం బాగుందట. ఆ ముక్కొక్కటి తగ్గించుకుంటే సాయంత్రం వార్తలు నీకేనట!”

ఆమెకి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. బళ్ళో పిల్లలు, చుట్టాలు, ఫోటోలు తీసేవాళ్ళు, చిన్నప్పటి నుంచి అందరూ అన్నమాటే అది. ఇన్నాళ్ళకి ఆ మాట వెనక ఒక కుర్చీ కూడా కనిపించింది.

“ఆయనకి నీ ముక్కుతో పనేంటే?” తల్లి ఉండబట్టలేక మళ్ళీ అడిగింది.

“టీవీలో కనిపించేది మొహమేగా అమ్మా! నీకు తెలీదు, ఊరుకో.”

కట్టు విప్పిన రోజు తల్లి కూతుర్ని తేరిపార చూసింది. “బాగుందే,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంట్లో అలాంటి ముక్కు ఇక ఆవిడకొక్కదానికే మిగిలింది. కూతురు మాత్రం అద్దం ముందు నుంచి కదల్లేదు.

ఆఫీసులో అంతా ముక్కున వేలేసుకున్నారు. “గుర్తే పట్టలేదక్కా!” అంది మేకప్ అమ్మాయి. ఆమె లైట్ల కింద, మొహం పక్కకి తిప్పుకోకుండా, జీవితంలో మొదటిసారి కెమెరాకి సూటిగా ఎదురుగా కూర్చుంది.

అద్దం అవతల గదిలో ఎడిటర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల వంచుకున్నాడు. ఆమె చదివింది. వాక్యాల మధ్య గాలి చాలక రెండు మూడుసార్లు నోటితో పీల్చుకుంది. అయినా ఎక్కడా తడబడలేదు. చివరి వార్త అయిపోయాక, సాయంత్రం కుర్చీ అప్పుడే తనదైపోయినట్టు వెన్ను నిటారుగా పెట్టి ఎదురుచూసింది.

ఈసారి ఆయనే బయటికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. ఆమె కొత్త ముక్కు వైపు కన్నెత్తి కూడా చూడకుండా, హెడ్‌ఫోన్స్ బల్ల మీద పడేసి అన్నాడు.

“ముక్కుతో చదవడం తగ్గించుకోమంటే, ఇంకా పెంచుకొచ్చావేంటమ్మా?”