రెక్కలు రాకూడని డబ్బా

“మళ్ళీ రెండు కనిపించాయి సార్,” అన్నాడు నాగశివ.

బాపట్ల కాలేజీ ల్యాబులో ప్రొఫెసర్ బసవపున్నయ్య కళ్ళజోడు సవరించుకుని గాజు డబ్బాలోకి వంగి చూశాడు. పాకుతున్న బియ్యప్పురుగుల మధ్య రెండు మాత్రం రెక్కలల్లారుస్తున్నాయి.

“అయ్యో. పోయినేడూ రెండేగా నాయనా?”

“అవునండి.”

పురుగును పిల్లపురుగుగానే ఉంచే హార్మోను ఒకటుంటుంది. వయసు రాగానే ఎపాక్సైడ్ హైడ్రోలేజ్ అనే ఎంజైము ఆ హార్మోనును విరగ్గొట్టేస్తుంది. అప్పుడు పురుగుకు రెక్కలొస్తాయి, గుడ్లు పెడుతుంది, బస్తాలకు బస్తాల బియ్యం పాడవుతుంది. ఆ ఎంజైమును ఆపే మందు తయారుచేయడమే నాగశివ పరిశోధన. పోల్చి చూడటానికి పక్కనే మందు కలపని డబ్బా ఒకటుంటుంది. మందు కలిపిన డబ్బాలో ఒక్కదానికీ రెక్కలు రాకపోతే థీసిస్ మీద సారు సంతకం పెడతారు. సంతకం పడితే తెనాలిలో లెక్చరర్ ఉద్యోగం. ఆ కాలేజీవాళ్ళు ఈ వేసవి దాకా ఆగుతామన్నారు. ఆ పైన ఆగరు.

“ఇంకోసారి చేద్దాం. సైన్సులో తొందర పనికిరాదు,” అన్నాడు బసవపున్నయ్య.

ఆయనది జాలిగుండె. ఏడేళ్ళుగా నాగశివను ఇంటిమనిషిలాగే చూసుకుంటున్నాడు. గ్యాసు బండ, కరెంటు బిల్లు, అమ్మగారి మోకాళ్ళ డాక్టరు, అన్నీ ఇంటిమనిషికే చెబుతాడు.

నాగశివ వరండాలో ఊడుస్తున్న కృపమ్మను పట్టుకున్నాడు.

“ఆ డబ్బా మూత ఏమన్నా తీశావా?”

“నేనా? ఆ గదిలో చీపురే పెట్టను బాబూ. మీ పురుగుల్ని చూస్తే ఆ పూట అన్నం సయించదు.”

సాయంత్రం రేపల్లెలో ఇంటికి చేరేసరికి భార్య జ్యోతిలక్ష్మి మొహం చూసే పసిగట్టేసింది.

“పురుగుల సంగతి సరే. మీకెప్పుడొస్తాయండి రెక్కలు?”

“సారును మాత్రం ఏమీ అనకు. నాకంటే ఆయనే ఎక్కువ బాధపడుతున్నారు. నా మందులోనే ఏదో లోపముంది.”

మోతాదు పెంచాడు. కొత్త పురుగుల్ని పెట్టాడు. ఆదివారాలు కూడా వచ్చి కాపలా కాసినట్టు చూశాడు. థీసిస్ పరీక్షించే కమిటీ వచ్చే రోజు పొద్దున్నే సారును డబ్బా దగ్గరికి పిలిచాడు.

“ఒక్కదానికి కూడా లేవు సార్. మధ్యాహ్నం వాళ్ళొచ్చి చూస్తే చాలు.”

“శభాష్ నాయనా. ఈలోగా నిజాంపట్నం వెళ్ళి మంచి రొయ్యలు పట్రా. భోజనాలు మనింట్లోనే.”

నాగశివ బండి చప్పుడు గేటు దాటింది. బసవపున్నయ్య ఫోను మోగింది. ఇంటినుంచి ఉమామహేశ్వరి.

“ఏవండీ, నాగశివ తెనాలి వెళ్ళిపోతాడటగా? చెరుకుపల్లిలో మన ఇల్లు సగంలో ఉంది. మేస్త్రీల వెనకాల ఎవరు తిరుగుతారు?”

“ఎక్కడికీ పోడులే,” అని ఫోను జేబులో వేసుకున్నాడు బసవపున్నయ్య.

మందు కలపని డబ్బాలోంచి, ఎప్పటిలాగే, రెండు రెక్కల పురుగుల్ని తీసి నాగశివ డబ్బాలో వేశాడు.